పెట్టె మీద 2000, ఆటలో ఎంత? అరచేతి చెస్ పరికరం బలం కొలిచిన ఒక కేసు

చెస్ ఇంజిన్ల బలం కొలవడం నా పనిలో ఒక భాగం. నా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి మామూలు కంప్యూటర్ల మీద నడిచే ప్రోగ్రాములు. వాటికి దారి ఎప్పుడో పడింది: వేల గేములు ఆడించాలి, రేటింగ్ లెక్క కట్టాలి, అటూ ఇటూ ఎంత తేడా ఉండొచ్చో చెప్పాలి. చిన్న చిప్ మీద నడిచే ప్రోగ్రాముకి ఆ దారి పనికిరాదు. ఎత్తుకి 10 సెకన్లు, ఒక్కో వైపు 60 ఎత్తులు అనుకుంటే ఒక గేముకి 20 నిమిషాలు. వెయ్యి గేములకి 333 గంటలు, అంటే ఒక పరికరం రాత్రీపగలూ ఆగకుండా ఆడితే రెండు వారాలు. ప్రోగ్రాములో ఒక్క లైను మారిస్తే మళ్ళీ మొదటినుంచీ ఆడించాలి. కాబట్టి అందరూ ఏదో ఒక అడ్డదారి వెతుక్కుంటారు. ఈ కేసులో మూడు అడ్డదారులు ఎలా తప్పాయో, నాలుగోది ఎందుకు నిలబడిందో రాస్తున్నాను. సంస్థని, మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను. సాంకేతిక విషయాలు మాత్రం ఉన్నవున్నట్టే ఉంచాను.

నేపథ్యం

క్లయింట్ ఒక చిన్న సంస్థ. వాళ్ళ పరికరంలో చిన్న తెర, కొన్ని బటన్లు, లోపల 168 మెగాహెర్ట్జ్ ఏఆర్‌ఎం మైక్రోకంట్రోలర్, 192 కిలోబైట్ల ర్యామ్ ఉన్నాయి. తెరకీ బటన్లకీ మిగతా పనులకీ పోను ఇంజిన్‌కి దక్కేది ఆ ర్యామ్‌లో సగం పైచిలుకు. ఇంజిన్ వాళ్ళ సొంతం. సీ భాషలో రాశారు, పీసీ మీదే ఏళ్ళ తరబడి మెరుగుపరిచారు, తర్వాత చిప్ మీదికి తెచ్చారు. మొత్తం ఎనిమిది లెవెళ్ళు. ఎనిమిదోదానికి ఎత్తుకి 10 సెకన్లు. పెట్టె మీద దాని పక్కన "2000 ఈలో" అని అచ్చేశారు. ఈలో అంటే చెస్ ఆటగాళ్ళ బలాన్ని చెప్పే రేటింగ్ అంకె.

చేతిలో పట్టే యంత్రం మీద గట్టి చెస్ సాధ్యమేనా అనే సందేహం ఇప్పుడు ఎవరికీ లేదు. 1996లో వచ్చిన మొదటి పామ్ పైలట్ అనే అరచేతి కంప్యూటర్‌లో 16 మెగాహెర్ట్జ్ మోటరోలా డ్రాగన్‌బాల్ ప్రాసెసర్ ఉండేది, తెర 160 పిక్సెళ్ళ చదరం. ఆ కుటుంబం పరికరాల మీదే రిచర్డ్ లాంగ్ రాసిన చెస్ జీనియస్, క్రిస్టఫ్ తెరోన్ రాసిన చెస్ టైగర్ ప్రోగ్రాములు నడిచాయి. 2009లో బ్యూనస్ ఎయిరిస్‌లో జరిగిన కోపా మెర్కోసుర్ టోర్నమెంటులో ఒక హెచ్‌టీసీ ఫోను మీద నడిచిన పాకెట్ ఫ్రిట్జ్ 4, 10 గేముల్లో 9.5 పాయింట్లు తెచ్చుకుంది. దాని పెర్ఫార్మెన్స్ రేటింగ్, అంటే ఆ ఒక్క టోర్నమెంటు ఫలితాన్ని బట్టి కట్టిన రేటింగ్, 2898. లోపల ఉన్నది మార్క్ యునియాకీ రాసిన హియార్క్స్ ఇంజిన్. సెకనుకి 20,000 పొజిషన్లు (బోర్డు మీద పావుల అమరికలు) కూడా చూడని యంత్రం అంత ఆడింది.

క్లయింట్ టీమ్ మొదటి మీటింగులోనే ఈ ఉదాహరణ తెచ్చింది. "ఫోను మీద 2898 వచ్చినప్పుడు మాకు 2000 రావడం పెద్ద విషయమేం కాదు కదా సర్" అన్నారు. ఆ అంకెని ఎలా చదవాలో అక్కడే వివరించాను. ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే పట్టిక ప్రకారం 95 శాతం స్కోరుకి ప్రత్యర్థుల సగటు మీద 470 పాయింట్లు కలుపుతారు, 90 శాతానికి 366. అంటే ఆ టోర్నమెంటులో ఇంకొక్క గేము డ్రా అయి ఉంటే పెర్ఫార్మెన్స్ వందకి పైగా పడిపోయేది. ఫలితం గొప్పదే, అందులో సందేహం లేదు. కానీ పది గేముల్లో, అదీ ఒకవైపు మొగ్గిన స్కోరు నుంచి వచ్చిన రేటింగ్‌కి నాలుగంకెల కచ్చితత్వం ఉండదు. పైగా ఆ బలం సెకనుకి ఎన్ని పొజిషన్లు చూసిందన్నదాన్నుంచి రాలేదు, ఏవి చూడాలో ఏవి వదిలేయాలో తెలిసిన ఇంజిన్ నుంచి వచ్చింది. వేగం దగ్గరగా ఉన్నంత మాత్రాన ఆ ఫలితాన్ని ఇంకో ఇంజిన్‌కి అరువు తెచ్చుకోలేం.

వచ్చిన సమస్య

కొన్నవాళ్ళ నుంచి రెండు రకాల ఫిర్యాదులు వస్తున్నాయి, అవి ఒకదానికొకటి పొసగడం లేదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు "లెవెల్ తగ్గించినా కొట్టేస్తోంది" అంటున్నారు. 1600 దాటిన ఆటగాళ్ళేమో "ఇది 2000 కాదు, గెలవాల్సిన ఆట చేజేతులా వదిలేస్తోంది" అంటున్నారు. ఒక కోచ్ పంపిన సందేశం నాకు బాగా ఉపయోగపడింది. "మిడిల్‌గేమ్‌లో మా పిల్లల పావులు కాజేస్తోందండీ, బాగానే ఉంది. క్వీన్లు పోయాక మాత్రం రాజుని తీసుకెళ్ళి అంచున కూర్చోబెడుతోంది. ఎందుకలా?" ఆ సందేశాన్ని నోట్స్‌లో మొదటి పేజీలో రాసుకున్నాను. రేటింగ్ గురించి వచ్చే ఫిర్యాదుల్లో అంకె గురించి చెప్పేవి బోలెడు. ఆటలో ఏ దశలో ఏం జరుగుతోందో చెప్పేవి అరుదు.

క్లయింట్ నన్ను అడిగింది ఒక్కటే: పెట్టె మీద ఏ అంకె వేయాలి? ఈ అంకె నాకు చిన్న విషయంగా అనిపించదు. పదేళ్ళ పిల్ల లెవెల్ 8ని ఓడించి, "నేను 2000ని ఓడించాను" అని నమ్ముతుంది. తర్వాత టోర్నమెంటుకి వెళ్ళి 1500 ఆటగాళ్ళ చేతిలో వరసగా ఓడితే తనలోనే ఏదో లోపం ఉందనుకుంటుంది. లోపం అచ్చులో ఉందని ఆ వయసులో తెలియదు.

2000 ఎక్కడినుంచి వచ్చింది

ముందు పాత అంకె పుట్టుపూర్వోత్తరాలు అడిగాను. పీసీ మీద ఇంజిన్‌ని వేరే ఇంజిన్లతో ఆడించి రేటింగ్ తేల్చారు. తర్వాత పరికరం ఎన్ని రెట్లు నెమ్మదో చూశారు. పీసీలో సెకనుకి దాదాపు 10 లక్షల నోడ్లు (ఇంజిన్ వెతుకులో చూసే పొజిషన్లు), పరికరంలో 8,000, అంటే 125 రెట్లు. 125 అంటే సుమారు ఏడు సార్లు సగానికి తగ్గించడం. వేగం సగమైతే 70 పాయింట్లు పోతాయని ఎక్కడో చదివారు కాబట్టి 490 తీసేశారు. మిగిలినదాన్ని కాస్త గుండ్రం చేస్తే 2000.

ఈ లెక్కలో గుణకారం సరిగ్గానే ఉంది. గుణించిన 70 మీదే నా అభ్యంతరం. సగం వేగానికి 50 పోతాయనుకుంటే ఏడు సార్లకి 350, వంద పోతాయనుకుంటే 700. ఒక్క ఊహ మీదే 350 పాయింట్ల తేడా వచ్చేస్తోంది, అంటే క్లబ్ ఆటగాడికీ క్యాండిడేట్ మాస్టర్‌కీ ఉన్నంత దూరం. ఇందులో ఏది నిజానికి దగ్గర? 1980ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ తన బెల్ (Belle) అనే చెస్ యంత్రాన్ని వేర్వేరు లోతులకి, అంటే ఇన్ని ఎత్తుల ముందుదాకానే చూసేలా, కట్టేసి దానితోనే ఆడించాడు. తక్కువ లోతుల్లో ఒక్కో అంచెకి (ఒక వైపు వేసే ఒక ఎత్తుకి) సుమారు 200 పాయింట్లు తేలాయి. మామూలు ఇంజిన్‌లో ఒక అంచె లోతు పెరగాలంటే సమయం నాలుగు రెట్లు కావాలనుకుంటే, వేగం రెట్టింపైన ప్రతిసారీ వంద పాయింట్లు. లోతు పెరిగేకొద్దీ ఆ లాభం తరుగుతుంది. పీసీ ఇంజిన్లని పోల్చినప్పుడు కనిపించే 50, 60, 70 అంకెలు ఆ లోతుల్లో కొలిచినవి. మన పరికరం నడిచేది తక్కువ లోతుల్లో, అక్కడ ప్రతి సగానికీ నష్టం ఎక్కువ. థాంప్సన్ అంకె కూడా తనతో తాను ఆడిన ఆటల నుంచి వచ్చింది, అలాంటి పోటీలో తేడాలు అసలు కంటే పెద్దవిగా కనబడతాయి. కాబట్టి దాన్నీ నేరుగా వాడలేను. ఇంతవరకు తేలింది, 2000 బహుశా ఎక్కువేనని. ఎంత ఎక్కువో తేలలేదు.

వేగం కాక ఇంకో తేడా ఉంది. ఇంజిన్ ఇప్పటికే చూసిన పొజిషన్లని గుర్తుపెట్టుకునే పట్టికని హ్యాష్ టేబుల్ అంటారు. పీసీలో కొలిచినప్పుడు అది 64 మెగాబైట్లు, పరికరంలో 64 కిలోబైట్లు. ఒక్కో గడికి 16 బైట్లు చొప్పున పీసీలో 40 లక్షల పైచిలుకు గడులు, పరికరంలో 4,096. ఒక్క ఎత్తుకి 80,000 నోడ్లు చూసే ఇంజిన్ ఆ చిన్న పట్టికని అదే ఎత్తులో పదేపదే చెరిపి రాసుకుంటుంది. బంటుల ఎండ్‌గేమ్‌లలో (పావులు కొన్నే మిగిలిన ఆఖరి దశలో) ఒకే పొజిషన్ ఎన్నో దారుల్లో వస్తుంది కాబట్టి అక్కడ హ్యాష్ టేబుల్ వల్ల లోతు బాగా పెరుగుతుంది. టీమ్‌లో అందరూ కోచ్ చెప్పిన ఎండ్‌గేమ్ బలహీనతకి ఇదే కారణమని అప్పటికే తీర్మానించుకున్నారు. వినడానికి బాగుంది, నేను మాత్రం పరీక్షించకుండా ఒప్పుకోలేదు.

పరీక్ష పొజిషన్లు

క్లయింట్ ఇంకో ఆధారం కూడా చూపించింది. బీటీ-2630 అని 30 పొజిషన్ల పరీక్ష ఉంది, బెడ్నోర్జ్, టోనిసెన్ అనే ఇద్దరు తయారు చేసింది. ఒక్కో పొజిషన్‌లో సరైన ఎత్తు కనుక్కోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తారు. కనుక్కోలేకపోతే 900 సెకన్లు వేస్తారు. సగటు సెకన్లని 2630లోంచి తీసేస్తే రేటింగ్. గేములు అక్కర్లేదు, ఒక్క రోజులో అయిపోతుంది. చిన్న పరికరానికి ఇంతకంటే హాయైన పద్ధతి లేదనిపిస్తుంది.

ఆ సూత్రంలో అడుగు భాగం చూడండి. ఒక్క పొజిషన్ కూడా పరిష్కరించలేని ప్రోగ్రాముకి సగటు 900. 2630లోంచి 900 పోతే 1730. అంటే ఏమీ రాని ప్రోగ్రాముకి కూడా 1730 చేతిలో పెడుతుంది ఈ పరీక్ష. అదే కుటుంబంలోని బీటీ-2450 అయితే 1550 ఇస్తుంది. ఆ కాలం నాటి బలమైన ప్రోగ్రాముల్ని ఒకదానితో ఒకటి పోల్చడానికి తయారైన కొలబద్ద ఇది. ఆ పరిధి కిందకి వెళ్తే అంకెలు వస్తూనే ఉంటాయి, వాటికి అర్థం ఉండదు. మన పరికరం నిజంగా 1700 స్థాయిదే అయితే ఈ పరీక్ష దాన్ని చూడనే చూడదు.

రెండో కారణం ఇంకా ముఖ్యం. ఇలాంటి పొజిషన్లలో సరైన ఎత్తు ఒకటే, అదీ ఎక్కువసార్లు తెలివైన దెబ్బ. నిజమైన ఆటలో చాలా ఎత్తులు అలాంటివి కావు. క్వీన్లు పోయాక రాజు ఎటు నడవాలి అన్న ప్రశ్న ఈ 30లో దాదాపు కనబడదు. కోచ్ చెప్పిన లోపం ఉన్నా లేకపోయినా పరీక్ష ఫలితం మారదు. కాబట్టి ఇలాంటి పరీక్షల్ని రేటింగ్‌కి వాడొద్దన్నాను. కోడు మార్చాక ఏదైనా చెడిందేమో చూసుకోవడానికి మాత్రం ఉంచుకోమన్నాను.

మనుషులతో ఆడించడం

మిగిలింది మనుషులు. రేటింగ్ మనుషుల కోసమే కాబట్టి మనుషులతోనే కొలవాలి అన్నది సబబైన మాటే. ఒక అకాడమీలో క్లయింట్ ముందే కొన్ని గేములు ఆడించి ఉంచింది. ఆ రికార్డులు తెప్పించుకుని చూశాను.

మొదటి చిక్కు లెక్కది. మూడో వంతుకి కాస్త తక్కువ గేములు డ్రా అవుతాయనుకుని, ఇద్దరూ సమఉజ్జీలైతే, 20 గేముల తర్వాత రేటింగ్‌కి అటూ ఇటూ 125 పాయింట్ల వరకూ తేడాకి అవకాశం ఉంటుంది. 100 గేములకి అది సుమారు 57, 400కి 28. తేడా సగం కావాలంటే గేములు నాలుగింతలు కావాలి. అకాడమీలో ఆడిన గేములతో "1800 కావచ్చు, 1600 కావచ్చు" అనే మాట తప్ప ఇంకేమీ చెప్పలేం.

రెండోది ఆటగాళ్ళ రేటింగుల సంగతి. 2024 మార్చి 1న ఫిడే రేటింగుల అడుగు మట్టాన్ని 1000 నుంచి 1400కి పెంచింది. 2000 కంటే తక్కువ ఉన్న ప్రతి ఒక్కరికీ, 2000కి ఎంత తక్కువ ఉన్నారో అందులో 40 శాతం కలిపింది. 1200 ఉన్నవాళ్ళు ఒక్క రోజులో 1520 అయ్యారు, 1500 ఉన్నవాళ్ళు 1700 అయ్యారు. అకాడమీ రికార్డుల్లో కొన్ని ఆ తేదీకి ముందువి, కొన్ని తర్వాతవి. రెండూ కలిపి సగటు తీసేశారు. ఆడింది అదే ఆట, ఓడించింది అదే పరికరం, కానీ మొదటి రికార్డుల ప్రకారం లెక్కిస్తే ఒక బలం, రెండోవాటి ప్రకారం ఇంకో బలం. దీనికి తోడు, చురుగ్గా ఎదిగే పిల్లల రేటింగ్ ఎప్పుడూ వాళ్ళ అసలు ఆట కంటే వెనకే ఉంటుంది.

మూడోది పరికరంలోనే ఉంది. అందులో ఎత్తు వెనక్కి తీసుకునే బటన్ ఉంది, పిల్లలు దాన్ని వాడారు. ఇంకొకటి, బుక్ (ముందే దాచిపెట్టిన ఆరంభ ఎత్తులు) అయిపోయాక ఇంజిన్ ఒకే పొజిషన్‌లో ఎప్పుడూ ఒకే ఎత్తు వేస్తుంది. ఒక పిల్లవాడు గెలిచే వరస కనిపెట్టి పక్కవాడికి చెప్పాడు, రికార్డుల్లో అదే గేము చివరి ఎత్తు దాకా మళ్ళీ మళ్ళీ కనబడింది. అవి ఎన్ని ఉన్నా లెక్కలో ఒక్క గేమే.

ఈ రికార్డుల్ని రేటింగ్‌కి పక్కనపెట్టాను, కానీ పారేయలేదు. గేముల్ని ఒక్కొక్కటిగా ఆడించి చూస్తే కోచ్ మాట నిజమని కళ్ళకి కట్టినట్టు కనబడింది. రెండు బంటులు ఎక్కువ ఉన్న రూక్ ఎండ్‌గేమ్‌లో పరికరం ఆడిస్తున్న నల్ల రాజు, మధ్యలో బంటులు కొట్లాడుకుంటుంటే వాటిని వదిలేసి, బోర్డు అంచు దాకా నడిచింది. దాన్ని ఎవరూ తరమలేదు, తనంతట తానే వెళ్ళింది.

రాజు అంచుకి ఎందుకు వెళ్ళింది

ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. నన్ను పిలిచింది అంకె కోసం. కనబడుతున్నది లోపం. లోపాన్ని వదిలేసి ఉన్న బలాన్ని కొలిచి ఇవ్వొచ్చు, అడిగిన పని అయిపోతుంది. కానీ పీసీ మీద కొలిచి పరికరానికి అన్వయించే ఏ పద్ధతైనా, రెండు చోట్లా నడుస్తున్నది ఒకే ఇంజిన్ అన్న నమ్మకం మీదే నిలబడుతుంది. ఆ నమ్మకం నాకు లేదు. దాన్ని తేల్చకుండా ముందుకి వెళ్ళడం దండగ.

మొదట హ్యాష్ టేబుల్ ఊహని పరీక్షించాం. పీసీలో కూడా 64 కిలోబైట్లే ఇచ్చి, ఎత్తుకి 80,000 నోడ్లు దాటకుండా కట్టేసి, అదే రూక్ ఎండ్‌గేమ్ పెట్టాం. పీసీలో రాజు మధ్యకే వచ్చింది. చిన్న పట్టిక వల్ల లోతు తగ్గింది, నిజమే. కానీ రాజు దారి తప్పలేదు. అంటే కారణం వేరే ఏదో ఉంది.

తర్వాత పెర్ఫ్ట్ లెక్కలు చూశాం. ఆట మొదటి పొజిషన్ నుంచి ఒక్కో లోతుకి ఎన్ని ఎత్తుల వరసలు ఉంటాయో ప్రపంచమంతా ఒప్పుకున్న అంకెలున్నాయి: 20, 400, 8,902, 1,97,281, 48,65,609. పరికరం అన్నీ సరిగ్గా ఇచ్చింది. కాబట్టి ఎత్తులు పుట్టించే భాగంలో లోపం లేదు. చాలామంది పోర్టింగ్ (ప్రోగ్రాముని వేరే చిప్ మీదికి తేవడం) పరీక్ష ఇక్కడితో ఆపేస్తారు, ఈ టీమ్ కూడా ఇక్కడే ఆగింది. పెర్ఫ్ట్ ఎత్తుల్ని లెక్కపెడుతుంది, పొజిషన్ మంచిదా చెడ్డదా అన్న ఇంజిన్ అంచనాని అసలు తాకదు.

మూడో మెట్టులో కొన్ని వందల పొజిషన్లు తీసుకుని, నిర్ణీత లోతుకి రెండు చోట్లా నడిపి, నోడ్ల సంఖ్య, స్కోరు, ఎంచుకున్న ఎత్తు పక్కపక్కన పెట్టాం. రెండూ ఒకే ఇంజిన్ అయితే మూడూ ఆఖరి అంకె దాకా కలవాలి. ఓపెనింగ్, మిడిల్‌గేమ్ పొజిషన్లన్నీ కలిశాయి. క్వీన్లు పోయిన పొజిషన్ల దగ్గర తేడాలు మొదలయ్యాయి. టీమ్‌లోని కుర్ర ఇంజినీరు అంచనాలోని ఒక్కో భాగాన్నీ విడివిడిగా తెర మీద అచ్చు వేయించాడు. బంటులు సరిగ్గా ఉన్నాయి, రూకులు సరిగ్గా ఉన్నాయి. "అన్నా, ఇది చూడండి. మూలలో ఉన్న రాజుకి 206 ప్లస్ ఇస్తోంది" అన్నాడు.

ఎండ్‌గేమ్‌లో రాజు ఏ గడిలో ఉంటే ఎంత మంచిదో చెప్పే 64 అంకెల పట్టికలో మూలకి −50, అంచులకి −30, మధ్య గడులకి +40 రాసి ఉన్నాయి (ఒక బంటు విలువ 100 అనే లెక్కలో). ర్యామ్ ఆదా కోసం ఆ ఒక్క పట్టికని 8 బిట్ల చార్ రకంలో పెట్టారు. సీ భాషలో ఉత్తి చార్ అని రాస్తే అది రుణ సంఖ్యల్ని పట్టుకుంటుందా లేదా అన్నది కంపైలర్ ఇష్టం. పీసీలో పట్టుకుంటుంది. ఏఆర్‌ఎం చిప్ కంపైలర్లలో మామూలుగా పట్టుకోదు. అక్కడ −50 కాస్తా 206 అవుతుంది, −30 కాస్తా 226. మధ్యలో +40 అలాగే ఉంటుంది. దాంతో అంచున నిలబడిన రాజుకి, మధ్యలో ఉన్న రాజు కంటే దాదాపు రెండు బంటుల విలువ ఎక్కువ కనబడుతోంది. ఇంజిన్ తన లెక్క ప్రకారం సరిగ్గానే నడిచింది. మిగతా పట్టికలు 16 బిట్లవి కాబట్టి వాటికి ఏమీ కాలేదు, అందుకే క్వీన్లు ఉన్నంతసేపూ ఆట బాగుంది.

చార్ ముందు సైన్డ్ అని ఒక్క మాట చేర్చగానే ఆ వందల పొజిషన్లన్నిట్లో రెండు చోట్లా అంకెలు ఒక్కటయ్యాయి. అప్పుడు గానీ పీసీ మీద కొలవడానికి నాకు ధైర్యం రాలేదు.

చివరికి పనిచేసిన పద్ధతి

ఆలోచన ఇది: పరికరాన్ని వేగవంతం చేయలేం, కానీ పీసీని సరిగ్గా పరికరంలా ఆలోచింపజేయగలం. ఇంజిన్ రెండు చోట్లా నోడ్ నోడ్‌కీ ఒకటేనని రుజువైంది కాబట్టి, పీసీలో అదే హ్యాష్ పెట్టి, పరికరం ఒక ఎత్తుకి ఎన్ని నోడ్లు చూడగలదో అన్నే ఇస్తే, అదే ఎత్తు వస్తుంది. పరికరానికి 10 సెకన్లు పట్టే పని పీసీలో సెకనులో పదో వంతు లోపు అయిపోతుంది. వేల గేములు అందుబాటులోకి వస్తాయి.

ఎన్ని నోడ్లు ఇవ్వాలి అన్నది మాత్రం ఒక్క అంకెతో తేలదు. సెకనుకి 8,000 అన్నది సగటు. పావులు నిండుగా ఉన్నప్పుడు వేగం అంతకంటే తక్కువ, బంటుల ఎండ్‌గేమ్‌లో దాదాపు రెట్టింపు. పైగా ఇంజిన్ గడియారాన్ని 4,096 నోడ్లకి ఒకసారే చూసుకుంటుంది. పీసీలో అది కంటికి ఆనని సమయం, పరికరంలో అర సెకను. ఎత్తుకి ఒక సెకను ఉన్న లెవెల్‌లో అది అనుకున్న టైమ్ కంటే సగం ఎక్కువ వాడేసుకోగలదు. కొత్తవాళ్ళు "లెవెల్ తగ్గించినా కొట్టేస్తోంది" అనడానికి ఇదొక కారణం. కాబట్టి పరికరం మీద కొన్ని పూర్తి గేములు ఆడించి, ప్రతి ఎత్తుకీ నిజంగా చూసిన నోడ్లని నమోదు చేశాం. బోర్డు మీద మిగిలిన పావుల్ని బట్టి పీసీకి నోడ్ల కోటా ఇచ్చాం.

ప్రత్యర్థుల ఎంపిక మీద చాలా చర్చ జరిగింది. టీమ్ స్టాక్‌ఫిష్ అనే చాలా బలమైన ఇంజిన్‌ని తగ్గించి వాడదామంది. అందులో 1320 నుంచి రేటింగ్ పెట్టుకునే వీలుంది, పని తేలిక. నేను వద్దన్నాను. అది బలం తగ్గించుకునేది అప్పుడప్పుడూ కావాలని తక్కువ రకం ఎత్తు ఎంచుకోవడం ద్వారా. అలాంటి ప్రత్యర్థి మీద వచ్చే ఫలితం, దాని పొరపాట్లని మనం ఎంతవరకు పట్టుకోగలం అన్నదాని చుట్టూ తిరుగుతుంది. బదులుగా సహజంగానే ఆ స్థాయిలో ఆడే చిన్న ఇంజిన్లని తీసుకున్నాం: టామ్ కెరిగన్ రాసిన టీఎస్‌సీపీ, హెచ్.జి. ముల్లర్ రాసిన మైక్రో-మ్యాక్స్, అలాంటివే మరికొన్ని. వీటి సోర్స్ అందరికీ దొరుకుతుంది, ఏళ్ళ తరబడి మారలేదు, చెస్ ఇంజిన్లని ఒకదానితో ఒకటి ఆడించి రేటింగ్ ఇచ్చే సీసీఆర్‌ఎల్ లాంటి జాబితాల్లో ఇప్పటికే బోలెడు గేములు ఆడి ఉన్నాయి. ఒకటి కాకుండా చాలా ఎందుకంటే, ఒక్క ఇంజిన్ మీద ఫలితం ఆ జంట మధ్య పొంతనని చెబుతుంది, బలాన్ని కాదు.

నోడ్లతో కట్టేసిన ఇంజిన్ ఒకే పొజిషన్‌లో ఎప్పుడూ ఒకే ఎత్తు వేస్తుంది కాబట్టి, ఆరంభం మార్చకపోతే అకాడమీలో జరిగిందే పీసీలోనూ జరుగుతుంది. బుక్ ఆపేసి, ఇరువైపులా సమంగా ఉన్న వందల ఆరంభ పొజిషన్లు ఇచ్చి, ఒక్కోదాన్నీ రంగులు మార్చి రెండుసార్లు ఆడించాం. తర్వాత అచ్చంగా ఒకేలా ఉన్న గేములు ఏమైనా మిగిలాయేమో వెతికి తీసేశాం. ప్రత్యర్థికి కనీసం 400 గేములు ఉండాలన్నది నా షరతు.

లెవెల్ 8, సరిచేసిన ఇంజిన్‌తో, ఆ జాబితాల కొలమానంలో 1700 పైన తేలింది. లోపం ఉన్న పాత ఇంజిన్‌ని కూడా అదే పద్ధతిలో, ఆ 206 పట్టికతోనే పీసీలో ఆడించాం. అది కొలత పరిధిని దాటి స్పష్టంగా కిందపడింది. ఒక్క మాట చేర్చినందుకు వచ్చిన బలం అది, ఏ వేగం పెంపూ లేకుండా.

ఇంజిన్ల జాబితాలోని 1700, ఫిడే 1700 ఒకటి కావు. ఆ వంతెన కోసం మళ్ళీ మనుషుల దగ్గరికి వెళ్ళాం, ఈసారి చిన్న ప్రశ్నతో: ఇంజిన్ల కొలమానంలో వచ్చిన అంకె మనుషుల లెక్కలో పొసుగుతోందా లేదా? రేటింగ్ చాలాకాలంగా నిలకడగా ఉన్న పెద్దవాళ్ళే ఆడారు, అందరి రేటింగులూ 2024 మార్చి తర్వాతివి, వెనక్కి తీసుకునే బటన్ పనిచేయకుండా చేశాం, గడియారం పెట్టాం, ఒక్కొక్కరూ తెల్ల పావులతో ఒకటి, నల్ల పావులతో ఒకటి ఆడారు. ఫలితాలు పొసిగాయి. ఆ కొద్ది గేములతో అంకెని ఇంకా సన్నగా చెక్కే ప్రయత్నం చేయలేదు, వాటికి ఆ శక్తి లేదు.

బ్యాటరీ సంగతి

నోడ్లు నమోదు చేస్తున్నప్పుడు ఒక పరికరం ఉన్నట్టుండి సగం నోడ్లే చూపించడం మొదలుపెట్టింది. ఛార్జ్ తగ్గితే చిప్ 84 మెగాహెర్ట్జ్‌కి దిగుతుందని అప్పుడు తెలిసింది. సగం కోటాతో పీసీలో ఆడిస్తే తగ్గుదల తేలిగ్గా కొలవగలిగాం, పీసీ ఇంజిన్ల గురించి చెప్పే 50, 60 కంటే అది ఎక్కువే ఉంది. రెండు దారులున్నాయి: తెర మీద హెచ్చరిక చూపించడం, లేదా ఛార్జ్ తక్కువున్నప్పుడు ఆలోచించే సమయం రెట్టింపు చేయడం. బలం మారకూడదు అనుకుంటే రెండోదే సరైనదన్నాను. ఆలస్యమైతే విసుగొస్తుందని మొదట సందేహించినా, క్లయింట్ చివరికి అదే ఎంచుకుంది.

ఏం అచ్చేశారు, ఏం మిగిలింది

కొత్త పెట్టె మీద లెవెల్ 8 పక్కన "సుమారు 1650–1800, ఎత్తుకి 10 సెకన్లు" అని ఉంటుంది. సమయం రాయకుండా రేటింగ్ రాయొద్దని గట్టిగా పట్టుబట్టాను, ఎందుకంటే ఆ అంకె ఇంజిన్‌ది మాత్రమే కాదు, ఇంజిన్, చిప్, సమయం మూడింటిదీ. అమ్మకాల వాళ్ళకి 2000 పోవడం బాధగానే ఉంది. ఇప్పుడు అమ్ముతున్నది పాతదానికంటే బలమైన పరికరమని, ఆ పాతదాని ఆటలో 2000 ఎప్పుడూ లేదని వాళ్ళకి గేములు చూపించి చెప్పాను.

ఇంజిన్ విడుదల పద్ధతిలో ఇప్పుడు ఒక మెట్టు పెరిగింది. ఫర్మ్‌వేర్ (పరికరంలోని ప్రోగ్రాము) మారిన ప్రతిసారీ ఆ వందల పొజిషన్లు పరికరం మీద, పీసీ మీద నడుస్తాయి. నోడ్ల సంఖ్య, స్కోరు, ఎత్తు, ఈ మూడింట్లో ఒక్క అంకె కలవకపోయినా విడుదల ఆగుతుంది. ఆ పొజిషన్లలో మూడో వంతు ఎండ్‌గేమ్‌లే ఉండాలని రాసి పెట్టాం. చిన్న చిప్ మీదికి ఇంజిన్ తెచ్చేవాళ్ళు పెర్ఫ్ట్‌తో పాటు ఇదీ చేయాలని నన్ను అడిగిన ప్రతివాళ్ళకీ చెబుతున్నాను. ఖర్చు దాదాపు ఏమీ లేదు, అరగంటలో అవుతుంది.

ఒకటి నుంచి మూడు లెవెళ్ళకి మాత్రం అంకె ఇవ్వడానికి ఒప్పుకోలేదు. అక్కడ ఇంజిన్ కావాలని పొరపాట్లు చేస్తుంది. స్టాక్‌ఫిష్ విషయంలో చెప్పిన అభ్యంతరమే దీనికీ వర్తిస్తుంది: ఆ పొరపాట్లని పట్టుకోగల పిల్లలకి అది ఒక బలం, పట్టుకోలేని పిల్లలకి ఇంకో బలం. ఆ మూడింటి పక్కన ఇప్పుడు రేటింగ్ లేదు, ఎత్తులు మాత్రమే తెలిసినవాళ్ళకి, చిన్న చిన్న దెబ్బలు నేర్చుకుంటున్నవాళ్ళకి, మొదటి టోర్నమెంటుకి సిద్ధమవుతున్నవాళ్ళకి అని వరసగా రాసి ఉంది.